పదహారు అక్షరాల కిటికీ

మధ్యాహ్నం రెండింటికి కరెంటు తీసేస్తారట. కరెంటు వాళ్ళ మాటకు మామూలుగా పూచీ ఉండదు, తీస్తామన్న రోజు తియ్యరు, పండగపూట తీసి కూర్చుంటారు. ఈసారి మాత్రం వీధి మొదట్లో గొయ్యి తవ్వి, నల్ల కేబులు చుట్టలు దించి, స్తంభానికి నిచ్చెన కూడా ఆనించారు కాబట్టి తీసే తీరతారు. తాయారు వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. ఎదురుగా అలమరలో ఉప్పు జాడీకీ పోపులపెట్టెకీ మధ్య అరచేయి వెడల్పున్న చిన్న తెర పచ్చగా వెలుగుతోంది. దాని మీద రెండు వరుసలు. పై వరుసలో మొదట మూడు గీతల చిన్న నామం, దాని పక్కన 'తాయారూ నీకు'. కింది వరుసలో 'ఒకటి చెప్పాలి'. అంతే. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి, ఆ తెరకు వేరే అక్షరాలు రావు. వాటిని కూడబలుక్కుని చదవడం తాయారు యాభై దాటాక ఆయన కోసమే నేర్చుకుంది. రాసిన మనిషి పోయాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది, వచ్చిన చుట్టాలు వచ్చిన దారిన వెళ్ళిపోయారు, ఆ రెండు వరుసలు మాత్రం రాసిన చోటనే కూర్చున్నాయి. కరెంటు ఉన్నంతసేపూ ఉంటాయి, పోయిందంటే పోతాయి, మళ్ళీ రావు.

విచిత్రం ఏమిటంటే ఆయన పోయిన దగ్గర్నుంచి ఈ లైనులో కరెంటు ఒక్కసారీ పోలేదు. కోడంబాక్కంలో రోజుకోసారైనా పోకపోతే జనానికి తోచదు, కిందింటి సుందరం గారైతే ఏమిటిది ఇంత మర్యాదగా ఉంది అని మెట్ల మీద నిలబడి ఆశ్చర్యపోయాడు కూడా. తాయారు ఆశ్చర్యపోలేదు. ఎవరో పట్టుకుని ఉన్నారనిపించింది. ఆ మాట పైకి అంటే పిచ్చిదంటారని ఊరుకుంది. పొద్దున పేపరులో కబురు చూడగానే పెరటి మెట్లు దిగి సుందరం గారింటికి వెళ్ళి, మాధవరంలో ఉన్న మేనల్లుడు సతీష్‌కు ఫోను చేసింది. సతీష్ ఆమె అన్న కొడుకు, తూకం మిషన్లు చేసే చిన్న కార్ఖానాలో పని, ఈ తెర తెచ్చి బిగించినవాడు వాడే.

"బ్యాటరీ ఏదన్నా తెచ్చి పెట్టరా సతీషూ, ఆ అక్షరాలు పోకుండా."

"తెచ్చినా లాభం లేదత్తా, వైరు మార్చే లోపలే పోతాది. సరిగానీ, చివర ఆ గడి కొట్టుకుంటా ఉండాదా?"

"ఏ గడి?"

"రాసింది ఆగిన చోట నల్ల గడి ఒకటి మినుకు మినుకుమంటా ఉంటాదే, అది."

తాయారు మళ్ళీ మెట్లెక్కి చూసి వచ్చింది. చూడకుండానే చెప్పగలదు, ఇన్నాళ్ళుగా చూస్తూనే ఉంది, అయినా చూసి వచ్చి చెప్పింది. "లేదే."

ఫోనులో మాధవరం బస్సుల హారన్లు మాత్రం వినిపించాయి. తర్వాత సతీష్ గొంతు తగ్గించి చెప్పాడు. "అత్తా, ఆ తెర కిటికీ మాదిరి. పదహారు అక్షరాలే కనపడతాయి. లోపల వరసకు నలభై దాకా పడతాయి. 'చెప్పాలి' కాడ మామ ఆపుంటే గడి ఆడనే కొట్టుకుంటా ఉండాల. లేదంటే అది కిటికీకి అవతల ఉండాది. మామ ఇంకా ఏందో కొట్టినాడు. నేను వస్తా ఉండా. ముందు గదిలో కంప్యూటరు స్విచ్చి వెయ్యబాక. దేన్నీ ముట్టుకోబాక."

అప్పట్నుంచి ఆమె ముట్టుకోలేదు. కూర్చుంది. రైలు వచ్చింది, ఇంటి వెనక పట్టాల మీద తాంబరం వైపు పోయే బండి, అది పోతే ఈ ఇంట్లో గిన్నెలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి, అలమర వణుకుతుంది, తెర ప్లగ్గు ముందే వదులు, రబ్బరు బ్యాండు చుట్టి నిలబెట్టింది తనే. పచ్చ వెలుగు ఒకసారి సన్నగిల్లి మళ్ళీ తేరుకుంది. తాయారు తను కూడా ఊపిరి బిగపట్టినట్టు అప్పుడు తెలుసుకుని వదిలింది. ఊపిరి. ఆ మాట అనుకోకూడదనుకుంటే అదే వస్తుంది. వేరే ఏదైనా ఆలోచించాలి, రైలు సంగతి ఆలోచించాలి, రైలు వచ్చినప్పుడల్లా రికార్డింగు ఆపేవాళ్ళు, పాత డబ్బింగు థియేటరు కూడా ఈ పట్టాల పక్కనే, తలుపులకు పరుపులు కుట్టి బిగించినా చప్పుడు దూరేది, చీకట్లో అందరూ రైలు పోయేదాకా నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు, నాన్న శేషాద్రి అక్కడికే కదా క్యారియర్లు పంపేది, తను పదిహేడేళ్ళ పిల్ల, రెండు చేతులా సాంబారన్నం క్యారియర్లు పట్టుకుని పరుపు తలుపు భుజంతో తోసింది. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లోంచి, చెవి పక్కనే, "ఎవరది... నా నిద్ర చెడగొట్టింది" అని ఒక గొంతు. పాతాళంలోంచి వచ్చినట్టు. క్యారియర్లు రెండూ కింద పడ్డాయి, సాంబారు వరదైంది, దీపాలు వేశారు, చూస్తే సన్నగా పొట్టిగా, బనీను మీద కండువా వేసుకున్న ఒక కుర్రవాడు మైకు ముందు బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. దెయ్యం అతనే. గోపాలస్వామి. అయ్యయ్యో కాలిందా అమ్మా అని అడిగాడు, అప్పుడూ అదే గొంతు, అడిగిన మాట మాత్రం వేరు. ఆ గొంతుకు ఆ రోజే మొక్కింది తాయారు. మనిషిని తర్వాత చూసుకుంది. ఈ మాట ఆయనతో ఎన్నోసార్లు అని ఏడిపించింది కూడా, నేను కట్టుకున్నది మీ గొంతునండీ, మీరు దాని వెంట వచ్చారు అని.

ఆయన పేరు సినిమా తెర మీద ఎప్పుడూ పడలేదు. దెయ్యాలు, జడ్జీలు, దేవుడి అశరీరవాణి, చచ్చిపోయే తండ్రులు, తమిళం నుంచి తెలుగులోకి వచ్చే బొమ్మల్లో ఇవన్నీ ఆయనవే. చావు మాటలు చెప్పి చెప్పి చావంటే భయం పోయిందే అనేవాడు. ఆ పనికి ఒకటే నీతి. బొమ్మలో నోరు మూసుకునేసరికి మన మాట అయిపోవాలి. నోరు మూశాక మాట మిగిలితే చూసేవాడు నవ్వుతాడు. అందుకని కాగితం చేతికి రాగానే పైన చిన్న నామం గీసి, కింద ఉన్న మాటలు వేళ్ళ కణుపుల మీద కొలిచేవాడు, ఎక్కువైతే ఒక మాట కోసేవాడు, తక్కువైతే 'మరి' అనో 'అయినా' అనో అతికించేవాడు. ఇంట్లోనూ అదే అలవాటు. ఏదైనా అడిగితే ముందు వేళ్ళు కదిలేవి, తర్వాత మాట వచ్చేది, ఎంత కావాలో అంతే. ఆయన మాట హద్దు దాటడం ఈ ముప్పై అయిదేళ్ళలో తాయారు ఎరగదు. కోపంలో కూడా దాటలేదు. అందుకే సతీష్ ఫోనులో చెప్పినప్పుడు లేదురా, మీ మామ అట్లా రాయరు అనబోయింది. అనలేదు. గడి లేదు మరి. గడి లేకపోవడం తన కళ్ళతోనే చూస్తోంది.

ఎవరో పెరటి మెట్లెక్కుతున్నారు. సతీష్ కాదు, కాలి మట్టెల చప్పుడు. అంట్లు తోమే మునియక్క కొంగు నడుముకు దోపుకుని లోపలికి రాబోయి, తెర చూసి గడప దగ్గరే ఆగింది. ఆయన పోయిన రోజు నుంచీ దాని వైపు చూడకుండా పక్కకు తిరిగి అంట్లు తీసుకుపోవడం ఆమె అలవాటు చేసుకుంది.

"ఇంకా ఎలుగుతానే ఉండాదా అమ్మా అది? ఆపేయకూడదా. సచ్చినోళ్ళ మాట ఇంట్లో అట్లా పెట్టుకోకూడదమ్మా, ఆయన పోలేడు, ఈడనే తిరగతా ఉంటాడు."

"తిరగనీ" అంది తాయారు.

"నిన్న నేను ఆ ముందు గది ఊడవబోతే..." అని మునియక్క ఆగిపోయింది. "ఏం లేదులేమ్మా. ఆ పేము కుర్చీ కిర్రుమనింది. ఎండకు పేము కదా, కిర్రుమంటాది. నేను ఊడవకుండానే వచ్చేసినా."

గిన్నెలు లేవని చూసుకుని, పొయ్యి వెలగలేదని కూడా చూసుకుని దిగిపోయింది. ముందు గది. తాయారు కూడా అటు వెళ్ళడం లేదు, చుట్టాలు వెళ్ళిన మర్నాడే తలుపు దగ్గరికి లాగేసింది, బయటికి పోవాలంటే పెరటి మెట్లే. ఆ గదికీ వంటింటికీ మధ్య ఒక్క గోడ. గోడ పైన మూలలో బెజ్జం కొట్టి సతీష్ వైరు లాగాడు, ఫోను వైరు లాంటిదే, సున్నం మీద ఇప్పుడు మసి పట్టి నల్లగా చీమల బారులా దిగుతోంది. ఆ వైరులో అక్షరాలు గుంపుగా రావట, రేషను క్యూలో జనంలా ఒకదాని వెనక ఒకటి నిలబడి వస్తాయట. నేల మీద ఎక్కడో టక్ మంది. తాయారు తల తిప్పింది. టక్. టక్. ఆయన రెండు వేళ్ళతో కొట్టేవాడు, కోడి గింజలు ఏరినట్టు. టక్. కుళాయి. కుళాయి కదూ, తొట్టిలో పడుతున్న చుక్క. లేచి బిగించింది. బిగించాక ఒకటి వినిపించి ఆగింది.

జబ్బు చేసిన ఆ గొంతును డాక్టర్లు కోసి తీసేశారు. కోయకపోతే మనిషి ఉండడన్నారు, సరే తియ్యండని ఆస్పత్రి వరండాలో తనే తలూపింది. తీసేశాక మెడ కింద ఒక బెజ్జం మిగిల్చారు, అందులోంచే ఊపిరి. నోరు కదిలేది, పెదాలు ఎప్పటిలాగే అందంగా మాట పలికేవి, శబ్దం ఉండేది కాదు. మాటకు బదులు మెడలోంచి తడిగా ఒక ఈల. పగలైతే ఎట్లాగో సరిపోయేది. ఇంటికి తెచ్చిన మొదటి రోజు ఆయన పేము కుర్చీలో కూర్చుని చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళింది. ఇంకా దగ్గరికన్నాడు. వంగింది. చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పడానికి చూశాడు, నోట్లోంచి ఏమీ రాలేదు, మెడలోంచి వెచ్చటి తడి ఊపిరి బుస్సుమని ఆమె మెడ మీద కొట్టింది. తాయారు ఒళ్ళంతా జలదరించింది. పాలు పొంగుతున్నాయండీ అని గబుక్కున వెనక్కి లేచి వంటింట్లోకి వచ్చేసింది. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలగడం లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆ కుర్చీలోంచి వంటిల్లు కనిపించకపోయినా పాలు పొంగితే వాసన వస్తుంది కదా. ఆ తర్వాత ఆయన రమ్మనలేదు. చేత్తో పిలవలేదు. అది అసహ్యం కాదు, అసహ్యం కాదని తాయారు దేవుడి ముందు ప్రమాణం చేస్తుంది, భయం. ఆ గొంతు ఉండవలసిన చోట ఆ గాలి ఉండడం ఆమె ఓర్వలేకపోయింది.

ఆ నెలలోనే సతీష్ ఒక సంచీలో పాత కంప్యూటరు విడిభాగాలూ, తమ కార్ఖానాలో గీత పడిందని పక్కన పడేసిన ఈ తెరా తెచ్చాడు. మామా, నువ్వు ఈడ కొట్టు, అత్తకు ఆడ కనపడతాది అన్నాడు. ఆయన మొహం ఎంత వెలిగిందో. కానీ మొదట నామం లేనిదే ఒక్క అక్షరం కొట్టనని పేచీ, పలక మీద చిన్నపిల్లవాడు రాసినా పాతది తుడిచి నామం పెట్టాకే కదా మొదలు అని కాగితం మీద రాసి చూపించాడు. తెరలో నామం ఎక్కడుంటుంది? సతీష్ రాత్రంతా కూర్చుని చుక్కలు పేర్చి చేశాడు, అటో గీత ఇటో గీత మధ్యలో ఒకటి. దేవుడు కదా అని మిషనులో కొత్త అక్షరాలు దాచే మొట్టమొదటి అరలో, సున్నా నంబరులో పెట్టాడు. మర్నాడు ఆయన నామం పెట్టి ఏం కొట్టినా నామం ఒక్కటే వచ్చేది, వెనకాల ఒక్క అక్షరం లేదు. నామం, పచ్చటి ఖాళీ. వాడు తల గోక్కుని గోక్కుని చివరికి కనిపెట్టాడు, మిషనుకు సున్నా అంటే ఇంక అయిపోయిందని గుర్తట, దేవుణ్ణి చూడగానే అది మాట చాలించేస్తోంది. రెండో అరలోకి మారిస్తే దారికొచ్చింది. ఆయన శబ్దం లేకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు. 'మంచి మిషను' అని కొట్టాడు, 'దానికి తెలుసు'. తాయారుకు ఆ రోజు కూడా నవ్వు రాలేదు. కంప్యూటరు వెయ్యగానే ఎవరూ ముట్టకపోయినా దానంతట అదే తెర తుడిచి నామం పెట్టేట్టు చేసి పెట్టాడు సతీష్, మామ కోరిక కదా అని. అందుకే ఇప్పుడు స్విచ్చి వెయ్యొద్దంటున్నాడు. వేస్తే అది ముందు తుడుస్తుంది.

ఆ తర్వాత ఈ ఇంట్లో సంసారం గోడ మీదుగా జరిగింది. ఆయన కొట్టేవాడు, ఈమె ఇక్కడినుంచి కేకేసి జవాబు చెప్పేది. 'రసంలో ఉప్పు / చిటికె తగ్గె'. తగ్గితే తగ్గె, బీపీ ఉన్న మనిషికి చాలు. 'కిటికీలో కాకి / నిన్నడుగుతోంది'. కాకికి వేరే పని లేదు. 'ఆ నీలం చీర / ఇవాళ కట్టుకో'. ఎవరు చూస్తారని. టి. నగర్‌లో కొన్న ఆ నీలం చీర కట్టుకుని ఆ రోజు వంటింట్లోనే తిరిగింది, ముందు గది మీదుగా ఒకసారి ఊరికే వెళ్ళి వచ్చింది. ప్రతి వరుసా వేళ్ళ మీద కొలిచి, పదహారుకు ఒక్కటి మించకుండా. తెర చిన్నదైందని ఆయనకు బాధ లేదు, చిన్న నోటి బొమ్మకు డబ్బింగు అనుకుంటే సరి అని రాసి చూపించాడు. ఆ తెర మీద ఎన్ని రాశాడో లెక్క లేదు, వేళాకోళాలు, అలకలు, పాత పాత్రల మాటలు, ఒక్క 'రా' అనే మాట మాత్రం ఎన్నడూ రాయలేదు. ఆ సంగతి తాయారు గమనించింది. గమనించి, హాయిగా ఉందని కూడా అనుకుంది. ఎవరితోనూ అనలేదు గానీ అనుకుంది.

ఆ రోజూ రసమే. చారు పొడి వేసి కలుపుతుంటే తెర మారింది, నామం, తాయారూ నీకు, ఒకటి చెప్పాలి. "చెప్పండి, ఈడనే ఉండా" అని కేకేసింది. గరిటె చేతిలో పట్టుకుని తెర వైపే చూస్తూ నిలబడింది. మారలేదు. ఏం చెప్పబోతాడో కొలుచుకుంటున్నాడనుకుంది. గోడ అవతల టక్ టక్ వినిపించింది, వినిపించిందా, ఇప్పుడు అనుకుంటోందా, వినిపించి తెర మారకపోతే మిషను మొరాయించిందనుకుని ఉండాలి, అవును అట్లాగే అనుకుంది, సతీష్‌కు చెప్పాలి అని కూడా అనుకుంది. "చెప్పండీ, ఎంతసేపు" అని ఇంకోసారి అరిచింది, విసుగ్గానే అరిచింది. రసానికి పోపు పెట్టింది. అప్పడాలు కాల్చింది. అన్నానికి లేవండి అని కంచం పట్టుకుని వెళితే ఆయన తల బల్ల మీద ఆనించి ఉన్నాడు, అలసిపోయి పడుకున్నట్టు. చెయ్యి ఆ అక్షరాల పలక మీదినుంచి జారి, వంటింటి వైపున్న గోడకు ఆనుకుని ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు. వచ్చినవాళ్ళలో ఎవరో బల్ల జరిపారు, కంప్యూటరు ఆపారు, వంటింటి వైపు ఎవరూ చూడలేదు.

సతీష్ వస్తే తెలుస్తుంది. తెలియాలా? ఇదే ఆమెను పొద్దుట్నుంచీ కోస్తోంది. అవతల ఏమీ లేకపోతే ఆయన చెప్పబోయి, కొలుచుకుంటూ కొలుచుకుంటూ హాయిగా పోయాడు. అది భరించవచ్చు. అవతల ఏదైనా ఉంటే ఆయన తన కొలత తప్పాడు. ఆ మనిషి కొలత తప్పాడంటే ఎంత తొందర వచ్చి ఉండాలి, ఎంత నొప్పి వచ్చి ఉండాలి. తను ఇక్కడ అప్పడాలు కాలుస్తూ ఉండాలి. కరెంటు వాళ్ళు ఇప్పుడే తీసేస్తే బాగుండును. ఈ మాట అనుకోగానే తెర సన్నగిల్లింది, రైలు కూడా ఏదీ రాలేదు, ఊరికే సన్నగిల్లింది, తాయారు రెండు చేతులూ చాచి వద్దు వద్దు తీయొద్దు అని పైకే అనేసింది. వెలుగు మెల్లగా మళ్ళీ నిండింది. అప్పుడు తెలిసింది ఆమెకు తనేం కోరుకుంటోందో.

"అత్తా!" సతీష్ పెరటి మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు, చొక్కా వీపున తడిసి అంటుకుంది. "బస్సు వళ్ళువర్ కోట్టం కాడ ఆగిపోయింది. ఉండాదా ఇంకా?" ఉందని తలూపింది. వాడు తెర ముందు వంగి చూసి, ఖాళీగా ఉన్న ఆ చివరి గడిని వేలు తగలనివ్వకుండా చూపించి, "చూసినావా, లేదు" అన్నాడు. నువ్వు ఈడనే ఉండి వచ్చే అక్షరం వచ్చినట్టు చదువు, నేను ఆడ నుంచి తోస్తా అన్నాడు. ముందు గది తలుపు తోసుకుని వెళ్ళాడు. పేము కుర్చీ కిర్రుమంది, వాడు కూర్చున్నాడు కాబోలు. లేదు, నిలబడే ఉన్నాడు, మాట పైనుంచి వస్తోంది. "వైరు పీకినా అత్తా. ఇప్పుడు కంప్యూటరు వేస్తా ఉండా, భయపడబాక." గోడ అవతల ఫ్యాను గుర్రుమంది, కంప్యూటరు ఒకసారి కీచుమంది. తెర మారలేదు. "ఆ తుడిచేదాన్ని ఆపేసినా, తుడవలేదు కదా? సరి. ఇప్పుడు మళ్ళీ వైరు పెడతా ఉండా." మారలేదు. "ఒక్కొక్క గడి ఎడంపక్కకు తోస్తా. చదువు."

టక్.

అదే చప్పుడు. గోడ అవతలినుంచి, ఎప్పటిలాగే, కోడి గింజ ఏరినట్టు. రెండు వరుసలూ ఒక అడుగు ఎడమకు జరిగాయి, నామం కిటికీ దాటి వెళ్ళిపోయింది, కుడి పక్క అంచున కింది వరుసలో ఒక అక్షరం తల పెట్టింది. ఉంది. ఏదో ఉంది. టక్. ఇంకొకటి. టక్, పై వరుసలో తన పేరు మొదటి అక్షరం పోయింది, కింద ఇంకొకటి వచ్చింది, టక్, టక్, ఏదో నోరు తన పేరును ఒక్కొక్క అక్షరమే మింగుతూ అటువైపునుంచి ఇంకో మాటను బయటికి ఉమ్ముతున్నట్టుంది. "ఏం వస్తా ఉండాది అత్తా?" అని వాడు కేకేస్తున్నాడు. ఈ. డి. కి. ఈడికి. ఒక ఖాళీ. ఈడికి ఏమిటి, ఈడికి ఏమిటండీ, టక్, టక్. పై వరుసలో ఆమె పేరు పూర్తిగా జారిపోయేసరికి, కింద మాట పూర్తయి, దాని వెనకే నల్ల గడి వచ్చి నిలబడింది. కొట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ ఎవరూ చూడని చోట, ఆరకుండా, మినుకు మినుకుమంటూ కాచుకుని కూర్చుంది.

ఈడికి రా.

వెలుగు పోయింది. సన్నగిల్లలేదు, పోయింది. గోడ అవతల ఫ్యాను చప్పుడు నిట్టూర్చినట్టు కిందికి దిగి ఆగింది, ఫ్రిజ్జు ఆగింది, కింద సుందరం గారింట్లో రేడియో ఆగింది, వీధి మొదట్లో ఎవరో తమిళంలో అయిపోయింది దిగు అని అరిచారు. తెర బూడిదరంగు గాజు ముక్క. అందులో తాయారు మొహం ఉంది.

సతీష్ పరుగెత్తుకుని వంటింట్లోకి వచ్చాడు. "అయ్యో. వచ్చిందా అత్తా? చదివినావా? ఏం రాసినాడు మామ?"

"ఈడికి రా అన్నారు."

"అంతేనా? అసలు విషయం?"

"అది రాసేది కాదేమోరా."

వాడికి అర్థం కాలేదు. పాపం, ఇంత దూరం వచ్చి, ఇంత కష్టపడి తోస్తే ఇంతేనా అన్నట్టు ఉసూరుమంటూ పీట మీద కూలబడి తెరకేసి చూస్తున్నాడు. తాయారు లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, గోడ పట్టుకుని నడిచింది, వైరు దిగే గోడ, దాని వెంటే వేళ్ళు రాస్తూ గడప దాటింది. ముందు గదిలో కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి, సందుల్లోంచి ఎండ చారలు బల్ల మీదా, చీకటి పడ్డ కంప్యూటరు మీదా, పేము కుర్చీ మీదా. కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. ఆమె కుర్చీ పక్కన నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఎంత ఎత్తులో ఉండేదో తెలుసు. నోరు ఉండే చోటు కాదు, దాని కింద, మెడ ఉండే చోటు. కొంగు పక్కకు తీసి, తన మెడ అటు పెట్టి, చెవి అటు వంచింది. భయం ఉంది. భయం ఉన్నా పాలు పొంగుతున్నాయని ఈసారి అనలేదు.

"వచ్చినానండీ" అంది. "చెప్పండి."

కరెంటు వాళ్ళు కింద ఏం కెలికారో ఏమో, ఒక్క క్షణం అన్నీ వచ్చాయి. కంప్యూటరు కీచుమంది, ఫ్యాను లేచింది. వంటింట్లోంచి సతీష్ కేక వినిపించింది. "అత్తా! నామం వచ్చింది అత్తా! పక్కన గడి కొట్టుకుంటా ఉండాది! నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

తాయారు తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి ఎత్తి వాణ్ణి ఆగమంది.

"అరవబాకరా" అంది మెల్లగా. "మీ మామ చెప్తా ఉండారు."